సొంత ఇల్లు పోయిన పిదప కిరాయి ఇల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. కట్టుటలోని కష్టమును ఈ సామెత చెప్పినది గాని, కట్టుకొన్న ఇంటిని కోల్పోవుటలోని కష్టమును చెప్పలేదు. పూర్వము ఇల్లు కట్టుటకు జీవితమంతయు కూడబెట్టిన సొమ్మే ఆధారము. నేడు ఇరువది యేండ్ల ఋణము ఆధారము. ఉద్యోగము పోయినపుడో, వ్యాపారము దెబ్బతిన్నపుడో, ఇంటి పెద్ద మంచము పట్టినపుడో నెలసరి వాయిదాలు నిలిచిపోవును. బ్యాంకు ఇంటిని స్వాధీనము చేసికొనును. నిన్నటివరకు సొంత ఇంటిలో నున్న కుటుంబము టు-లెట్ పలకలు చదువుకొనుచు వీథులు తిరుగవలసి వచ్చును. అట్టి కుటుంబమునకు పనికివచ్చు కొన్ని సంగతులను ఇచట వివరింపదలచితిమి. ఇవి తమకు అవసరము లేదనుకొను పాఠకులకు గూడ, బంధువులలోనో ఇరుగుపొరుగులోనో ఎవరికైన అక్కరకు రావచ్చును.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతమును ఉదాహరణముగా గైకొందము. లాల్ బహదూర్ నగర్ ఒకప్పుడు వేరు పురపాలక సంఘము. 2007 ఏప్రిల్ 16న మహానగర పాలక సంస్థ ఏర్పడినపుడు అందులో కలిసిపోయినది. విజయవాడ రహదారియు, నాగార్జునసాగర్ రహదారియు ఇచటనే చీలిపోవును. నల్లగొండ, ఖమ్మము వైపుల నుండి నగరమునకు వచ్చినవారు మొదట కాలు మోపునది ఇచ్చోటనే. పలువురు ఇచటనే స్థిరపడినారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడచుట మొదలైనది. దానితో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట ప్రాంతములలో నివసించి నగరము నలుమూలలకు పనికి పోవుట సులభమైనది. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చిన్న వర్తకులు బ్యాంకు ఋణములతో అపార్టుమెంట్లలో ఇండ్లు కొనుక్కొన్న ప్రాంతమిది. మరియొక వంక, శిక్షణాలయములకు వచ్చు విద్యార్థుల వసతిగృహములు దిల్‌సుఖ్‌నగర్ చుట్టుప్రక్కల కిక్కిరిసి యున్నవి. కావున ఇచట కిరాయి ఇంటికి గిరాకి ఎప్పుడును తగ్గదు. గిరాకి గలచోట యజమాని ఏరి కోరి ఇచ్చును. ఇల్లు పోయి, అప్పు చరిత్ర చెడియున్న కుటుంబమునకు చిక్కు ఇచటనే వచ్చుచున్నది.

మొదట ఒక భయమును తొలగించుకొనవలెను. బ్యాంకు నోటీసు రాగానే ఆ రాత్రియే సామాను వీథిన పడునని పలువురు భయపడుదురు. చట్టము అట్లు చెప్పలేదు. తాకట్టు ఆస్తులను బ్యాంకులు న్యాయస్థానమునకు పోకయే స్వాధీనము చేసికొనుటకు 2002లో ఒక చట్టము వచ్చినది. వాడుకలో దీనిని సర్ఫేసీ చట్టమందురు. దీని క్రమము ఇట్లుండును. వాయిదా గడువు దాటి 90 దినములు గడచినపుడు ఋణము మొండిబాకీగా లెక్కింపబడును. పిమ్మట 60 దినముల గడువుతో బ్యాంకు నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసుపై ఋణగ్రస్తుడు తన అభ్యంతరములను వ్రాసి పంపినచో, బ్యాంకు 15 దినములలో సమాధానము చెప్పవలెను. గడువులోగా బాకీ తీరనియెడల స్వాధీన ప్రకటనను ఇంటికి అంటించి, రెండు వార్తాపత్రికలలో ప్రకటించును. అందులో ఒకటి స్థానిక భాషాపత్రికయై యుండవలెను. అమ్మకమునకు మరల 30 దినముల నోటీసు కావలెను.

ఇచట రెండు విధముల స్వాధీనములను వేరుచేసి తెలిసికొనుట మంచిది. కాగితముపై జరుగునది ఒకటి. తాళము పడునది మరియొకటి. మొదటిది జరిగిన నాటికి కుటుంబము సాధారణముగా ఇంటిలోనే యుండును. ఇల్లు ఖాళీ చేయనివారి విషయమున బ్యాంకు మేజిస్ట్రేటును ఆశ్రయించి, ఆయన ఉత్తరువుతో ఇంటిని చేజిక్కించుకొనును. ఈ మెట్లన్నియు గడచుటకు నెలలు పట్టును. ఈ నెలలే ఆ కుటుంబమునకు మిగిలిన ఆస్తి అని మా అభిప్రాయము. తాళము పడిన దినమున ఇల్లు వెదకువానికి ఏ యజమానియు నమ్మకముతో తలుపు తీయడు. రెండు నెలల ముందుగా వెదకువాడు ఇతరులవలెనే ఒక కిరాయిదారు. ఇద్దరి అప్పు చరిత్ర ఒక్కటే కావచ్చును; వేళ మాత్రమే వేరు.

బ్యాంకు చర్య అన్యాయమని తోచినయెడల, చర్య జరిగిన 45 దినములలో ఋణవసూలు ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అమ్మకపు ప్రకటన వెలువడక పూర్వము బాకీ యంతయు ఖర్చులతో చెల్లించి ఇంటిని విడిపించుకొను హక్కును గలదు. పలువురు మరచు విషయము మరియొకటి కలదు. ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ములో బాకీయు ఖర్చులును పోగా మిగిలినది ఇంటి హక్కుదారునకే చెందును. ముప్పది లక్షల బాకీకి ఇల్లు నలువది లక్షలకు పోయినచో, ఖర్చులు పోగా మిగిలినది బ్యాంకు సొమ్ము కాదు. సిగ్గుచేతనో నిస్పృహచేతనో బ్యాంకు గడప త్రొక్కక ఈ మిగులును అడుగనివారు ఉందురు. వ్రాతపూర్వకముగా లెక్క అడుగవలెను. అటులనే, అమ్మకపు సొమ్ము చాలనియెడల మిగిలిన బాకీకై బ్యాంకు వెంటబడు అధికారమును కలదు. క్రొత్త ఇంటి కిరాయిని నిర్ణయించుకొనునపుడు ఈ మాట జ్ఞప్తియందుండవలెను.

ఇక ఖర్చు లెక్క. ఇల్లు నిలువదని తేలిన పిమ్మట, మొదట విడిగా పెట్టుకొనవలసినది ఇల్లు మారుటకు కావలసిన సొమ్ము. ఉదాహరణమునకు నెలకు 12,000 రూపాయల కిరాయి అనుకొందము. రెండు నెలల అడ్వాన్సు 24,000, మొదటి నెల కిరాయి 12,000, బ్రోకరుకు సగము నెల కిరాయి చొప్పున 6,000, సామాను బండికిని చిల్లర ఖర్చులకును 8,000 వేసికొన్నచో మొత్తము 50,000 రూపాయలగును. ఈ సొమ్ము చేతిలో లేకుండ తాళము పడునంతవరకు ఆగినవారు చివరకు వడ్డీవ్యాపారి దగ్గరకు పోవుదురు. అపుడు పాత అప్పు పోకముందే క్రొత్త అప్పు పుట్టును. మెట్రో స్టేషనునకు దగ్గర ఇండ్ల కిరాయి హెచ్చు. వనస్థలిపురము, హయత్‌నగర్, మీర్‌పేట వైపు లోపలి వీథులకు పోయినకొలది కొంత తగ్గును. పిల్లల బడి, పెద్దల పని, బస్సు ఖర్చు కలిపి లెక్క వేసి చూడవలెను. కిరాయి ఒక్కటే చూచిన మోసపోవుదుము.

అప్పు చరిత్రను గూర్చి లేనిపోని భయములు గలవు. మన దేశమున ఈ చరిత్రను వ్రాసి యుంచు సంస్థలలో మొదటిదియగు సిబిల్ 2000లో నెలకొన్నది. 2005లో ఇందుకొక ప్రత్యేక చట్టము వచ్చినది. నేడిట్టి సంస్థలు నాలుగు పనిచేయుచున్నవి. సిబిల్ ఇచ్చు మార్కు 300కును 900కును నడుమ నుండును; మార్కు తగ్గినకొలది అప్పు పుట్టుట కష్టమగును. చెల్లింపుల చరిత్రను ఈ సంస్థలు కనీసము ఏడేండ్లు భద్రపరచును. అయితే ఈ నివేదికను తెప్పించుకొను అధికారము బ్యాంకులవంటి నిర్దిష్ట సంస్థలకే కలదు. సాధారణ గృహయజమాని మీకు తెలియకుండ మీ చరిత్రను తెప్పించుకొనజాలడు. ఆయన అడిగినచో చూపుటయో మానుటయో మీ ఇష్టము. అపార్టుమెంట్ల నిర్వహణ చూచు కొన్ని సంస్థలు ఇట్టి నివేదికను అడుగవచ్చును గాని, చైతన్యపురిలో క్రింది అంతస్తున తాను ఉండి పై వాటాను కిరాయికిచ్చు పింఛనుదారు సామాన్యముగా అడుగునది వేరు.

ఆయన ఏమి అడుగును? ఏమి పని చేయుదురు? ఎందరుందురు? ఇంతకు మునుపు ఎచట నుంటిరి? ఎందుకు మారుచున్నారు? ఈ ప్రశ్నల వెనుక మూడు భయములున్నవి. నెల నెలకు కిరాయి అందునా? అడిగిన దినమున ఇల్లు ఖాళీ చేయుదురా? వీరి వెంట అప్పులవాండ్రు నా గుమ్మమునకు వత్తురా? మార్కు ఎంత అని ఆయన తెలిసికొన్నను ఈ మూడు భయములు తీరవు. ఒక్కొక్క భయమునకు ఒక్కొక్క కాగితము సమాధానము చెప్పగలదు.

మొదటి భయమునకు సమాధానము జీతపు చీటీలు, గత ఆరు నెలల బ్యాంకు ఖాతా పుట. నెలకు ఎంత వచ్చుచున్నదో, అందులో కిరాయి ఎంత భాగమో యజమానియే చూచుకొనును. రెండవదానికి, పాత ఇంటి కరెంటు బిల్లులును అపార్టుమెంటు సంఘమునకు చెల్లించిన నెలసరి రసీదులును. వాయిదా తప్పినవాడైనను ఇరుగుపొరుగు బాకీలు తీర్చినవాడని ఇవి తెలుపును. మూడవదానికి, ఇంటిని తామే బ్యాంకునకు అప్పగించిన పక్షమున బ్యాంకు ఇచ్చిన అప్పగింత పత్రము. తాళము పగులగొట్టించుకొనుటకంటె, సామాను జాబితా వ్రాసికొని తాళపుచెవి చేతికిచ్చి రసీదు తీసికొనుట అన్ని విధముల మేలు. వసూలు ప్రతినిధులు ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది. ఈ సంగతి యజమానికి తెలిసినచో ఆయన భయము కొంత తగ్గును.

మరి నిజము చెప్పవలెనా? చెప్పవలెననియే మా అభిప్రాయము. స్వాధీన ప్రకటన పత్రికలో పేరుతో సహా పడును, ఇరుగుపొరుగు చదువుదురు, నేడు కాకున్న రేపైనను యజమాని చెవిని పడును. అపుడు దాచినవాడు దోషియగును. చెప్పినవాడు కష్టములో నున్నవాడుగానే మిగులును. కాని నిజము చెప్పుటయనగా కథయంతయు ఏకరువు పెట్టుట కాదు. “వ్యాపారము దెబ్బతిని ఇంటిని బ్యాంకునకు వదలుకొంటిమి. ఇప్పుడు ఇద్దరము ఉద్యోగము చేయుచున్నాము. కిరాయికి ఇబ్బంది యుండదు. ఇవిగో కాగితములు” అన్న నాలుగు మాటలు చాలును. బ్రోకరు “బదిలీ యని చెప్పుడు” అని సలహా ఇచ్చినచో వినకుండుట మంచిది. బ్రోకరు తన సొమ్ము తీసికొని పోవును. ఆ యింటిలో ఉండవలసినవారు మీరు. సంపాదించు కొడుకో కూతురో ఆ ఇంటిలోనే ఉండి, పాత ఋణములో భాగస్థులు కానిచో, ఒప్పందమును వారి పేర వ్రాయించుకొనుటయు న్యాయమైన మార్గమే. ఆ ప్రాంతమున యజమాని ఎరిగిన పెద్దమనిషి ఒకరు మాట సాయము చేసినయెడల పని మరింత సులభమగును.

యజమాని మిమ్ములను పరీక్షించునట్లే మీరును ఆ ఇంటిని పరీక్షింపవలెను. ఒకమారు ఇల్లు పోయిన కుటుంబము రెండవమారు గూడ అదే విధముగ వీథిన పడు ప్రమాదము కలదు. కిరాయికి తీసికొన్న ఇల్లు తానే తాకట్టులో నుండి, దాని యజమాని వాయిదాలు చెల్లింపనియెడల, బ్యాంకు ఆ ఇంటిమీదకు వచ్చును. నోటీసు అందిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వక సమ్మతి లేకుండ ఆ ఇంటిని కిరాయికి ఇయ్యరాదని సర్ఫేసీ చట్టము చెప్పుచున్నది. అట్టి ఇంటిలో దిగినవాని ఒప్పందము బ్యాంకు ఎదుట నిలుచుట కష్టము; అతడిచ్చిన అడ్వాన్సు చిక్కులలో నున్న యజమాని చేతిలో చిక్కుకొనును.

కావున సబ్ రిజిస్ట్రారు కార్యాలయము నుండి ఈ.సి. అను ఋణభార పత్రమును తీయించి చూడవలెను. రిజిస్టరైన తాకట్టులు అందులో కనబడును. దేశమంతటి తాకట్టులను నమోదుచేయు సెర్సాయి అను కేంద్ర రిజిస్ట్రీ 2011 నుండి పనిచేయుచున్నది. కొద్దిపాటి రుసుముతో అందును ఎవరైనను వెదకవచ్చును. తాకట్టు కనబడినంత మాత్రమున ఆ ఇంటిని విడువనక్కరలేదు. వాయిదాలు సక్రమముగా చెల్లుచున్నచో కిరాయిదారునకు చిక్కు లేదు. వాయిదాలు నిలిచినవా, నోటీసు వచ్చినదా యని సూటిగా అడిగి, ఏ నోటీసును లేదని ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను. గోడమీద చించివేసిన ప్రకటనల గుర్తులున్నచో, మార్కెట్టుకంటె మిక్కిలి తక్కువ కిరాయి చెప్పి హెచ్చు అడ్వాన్సు అడుగుచున్నచో జాగ్రత్త పడవలెను.

ఒప్పందమును గూర్చి రెండు మాటలు. పదునొకండు నెలల కాగితమెందుకని పలువురు అడుగుదురు. ఏడాది మించిన కాలమునకు కిరాయి ఒప్పందమును తప్పక రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము చెప్పుచున్నది. ఆ ఖర్చు తప్పించుకొనుటకు పదునొకండు నెలల ఆచారము పుట్టినది. కాగితములో కిరాయి, అడ్వాన్సు, నీటికిని నిర్వహణకును ఎంత, ఏటేట కిరాయి ఎంత పెరుగును, ఖాళీ చేయుటకు ఎన్ని దినముల ముందు చెప్పవలెను అన్నవి స్పష్టముగా నుండవలెను. రంగుల ఖర్చు పేర అడ్వాన్సులో కోత వేయుట మన నగరమున వాడుక. ఎంత కోయుదురో ముందే వ్రాసికొన్నచో చివర తగవుండదు. అడ్వాన్సునకు రసీదు తీసికొని, కిరాయిని బ్యాంకు ద్వారానో ఫోను ద్వారానో చెల్లించుట ఉత్తమము. చెల్లింపునకు అదియే సాక్ష్యము. ఆధార్ నకలు ఇచ్చునపుడు దానిపై ఎందుకిచ్చితిరో వ్రాయవలెను. సంతకము చేసిన ఖాళీ చెక్కును ఎవరికిని ఇయ్యరాదు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టము తమను కాపాడునని కొందరనుకొందురు. 2005 సవరణ పిమ్మట నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన కిరాయి గల ఇండ్లకు అది వర్తింపదు. కావున నేడు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఇండ్లకు చాలవరకు ఒప్పందమును, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును ఆధారము. ఒప్పందములో వేరుగా లేనియెడల, నెలసరి కిరాయిదారుని ఖాళీ చేయించుటకు 15 దినముల నోటీసు ఇయ్యవలెను. నోటీసు గడచినను బలవంతముగా గెంటివేయు అధికారము యజమానికి లేదు, న్యాయస్థానమునకే పోవలెను. ఎంత అడ్వాన్సు తీసికొనవచ్చునన్న విషయమున 2021లో కేంద్రము ఒక మాదిరి చట్టమును రూపొందించి, నివాస గృహములకు రెండు నెలల కిరాయిని మించరాదని సూచించినది. అది మాదిరి మాత్రమే. రాష్ట్రము శాసనము చేసినచోటనే అమలగును. ఎన్నో ఏండ్లు పది నెలల కిరాయిని అడ్వాన్సుగా అడుగు ఆచారము సాగిన బెంగుళూరుతో పోల్చినచో, రెండు మూడు నెలలతో సరిపెట్టు మన నగరము కొంత నయమే. అప్పు చరిత్ర చెడినదని ఎక్కువ అడ్వాన్సు అడిగినయెడల, ఒక నెల కిరాయి అదనముగా ఇచ్చి రసీదు పొందుట వరకు సమంజసము. అంతకు మించి ఇచ్చిన సొమ్ము తిరిగి వచ్చుట కష్టము.

చెడిన చరిత్ర చిరకాలము చెడియే యుండదు. ప్రతి సంస్థయు ఏడాదికొకమారు పూర్తి నివేదికను ఉచితముగా ఇయ్యవలెను. అందు తప్పు కనబడినచో ఫిర్యాదు చేయవచ్చును. 30 దినములలో పరిష్కరింపనియెడల దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమియ్యవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించినది. తప్పును దిద్దింపవచ్చును గాని నిజమును తుడిపింపలేము. సొమ్ము తీసికొని మార్కు పెంచెదమని చెప్పువారి మాట నమ్మరాదు. బాకీలో కొంత తగ్గించి తీర్చుకొన్నచో అది పూర్తిగా తీర్చినట్లు కాక, రాజీపడినట్లు నమోదగునని గూడ తెలిసికొనవలెను. ఆదాయము నిలిచి, చిన్న బాకీలు వేళకు తీరుచున్నకొలది మార్కు మెల్లగా కోలుకొనును.

న్యాయవాదికి ఇచ్చు స్థోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు ఎల్.బి.నగర్‌లోనే యున్నవి. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత సహాయము లభించును. ఇతరులకు ఆదాయపరిమితి కలదు. 15100 అను ఫోను సంఖ్యయు కలదు.

గృహయజమానులైన పాఠకులకును ఒక మనవి. వాయిదా తప్పిన ప్రతివాడును మోసగాడు కాడు. ఇల్లు పోయినవాని కంటె కిరాయి విలువను ఎక్కువగా ఎరిగినవాడుండడు. కాగితములు చూడుడు, ఒప్పందము గట్టిగా వ్రాసికొనుడు, ఆ పిదప తలుపు తీయుడు. ఇల్లు వెదకు కుటుంబమునకు మేము చెప్పునది ఇంతే: గడువు చేతిలో నుండగానే బయలుదేరుడు, ఉన్నమాట చెప్పుడు, దిగబోవు ఇంటి కాగితములు చూచి దిగుడు.